సీజన్ ముగింపు విందు: మటన్ ఎవరి డబ్బుతో?

పచ్చకార్డు_పర్లాకిమిడి
ఈ ఏడు విందు బాధ్యత నా నెత్తిన పడింది. మీటింగుకి పది నిమిషాలు లేటుగా వెళ్లాను, అప్పటికే నా పేరు చదివి చప్పట్లు కొట్టేశారు. కబడ్డీ, వాలీబాల్ రిఫరీలు, క్రికెట్ అంపైర్లు అందరూ కలిపి మా సంఘంలో చందా కట్టినవాళ్లు 62 మంది. సంక్రాంతికి మొదలైన సీజన్ జూన్ మధ్యలో ఒడియావాళ్ల రజ పండగ టోర్నమెంట్లతో ముగుస్తుంది. ఆ తర్వాత, రథయాత్ర హడావిడి మొదలయ్యేలోపు పెట్టేయాలి. సంఘం డబ్బాలో ఉన్నది 11,400. తలకి 300 అనుకున్నా 18,600 కావాలి. అంటే 7,200 లోటు.

హాలు ఎక్కడ, ఏ రోజు, ఏం వండించాలి? ఇవి మామూలు ప్రశ్నలు. నాలుగోది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మన దగ్గర ఎక్కువ మ్యాచ్‌లు ఆడే ఒక కబడ్డీ జట్టు మేనేజరు ఫోన్ చేసి, "మటన్ సంగతి మాకొదిలేయండి, మీరు ఆకులు వేసుకోండి చాలు" అన్నాడు. జట్టు పేరు అడగొద్దు, చెప్పను. ఏమనమంటారు?

బరంపురం_భోజనప్రియుడు
మటన్ అన్న మాట కనబడింది. మిగతాది చదవలేదు. ఒప్పేసుకో.

కూత_ఆపని_కుర్రాడు
62 మందికి తక్కువలో తక్కువ 12 కిలోలు. మన డ్రిల్లు మాస్టార్లు తినే తిండికి 14 వేసుకోండి. కిలో 800 దాటింది, అంటే 11 వేల పైమాట. మీ లోటంతా తీరి ఇంకా మిగులుతుంది. సీజనంతా ఎండలో నిలబడింది మనం, గేలరీ నుంచి తిట్లు తిన్నదీ మనమే. ఒక్క పూట మాంసం తింటే కొంప మునుగుతుందా?

విజిల్_మాస్టారు
మునుగుతుంది నాయనా. ఎలా మునుగుతుందో నాకు తెలుసు.

కాశీనగర్ పక్కన ఒక ఊళ్లో ఫైనల్. మధ్యాహ్నం భోజనం ఆతిథ్య జట్టు పెద్దమనిషి ఇంట్లో పెట్టారు. చేపల పులుసు. మహేంద్రతనయ ఏట్లో పొద్దున పట్టిన చేప అని చెప్పి మరీ వడ్డించారు. నేను మొహమాటానికి రెండు ముక్కలు తిన్నాను. సాయంత్రం ఆఖరి నిమిషంలో స్కోరు సమానం, ఆతిథ్య జట్టు కుర్రాడు కూతకి వెళ్లాడు. అవతల ఆరుగురున్నారు కాబట్టి బోనస్ పాయింటుకి వీలుంది. కాలు బోనస్ గీత దాటింది, వెనక కాలు గాల్లో ఉంది. నేను గీతకి మూడడుగుల దూరంలో ఉన్నాను. నా కళ్లతో చూశాను. ఇచ్చాను. వాళ్లు గెలిచారు.

ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఓడిన జట్టులో ఒక చిన్న కుర్రాడు, పదిహేడేళ్లుంటాయేమో, మోకాలికి మట్టి తుడుచుకుంటూ నా పక్కనుంచి పోతూ ఒడియాలో నెమ్మదిగా అడిగాడు: "చేప బాగుందా సార్?" అంతే. పాయింటు సరైనదే, ఈ రోజు అడిగినా అదే ఇస్తాను. కానీ వాడికి జవాబు చెప్పడానికి నా దగ్గర నోరు లేదు, ఎందుకంటే చేప బాగుంది.

కూత_ఆపని_కుర్రాడు
మాస్టారూ, మరి ఊళ్లలో టోర్నమెంటుకి వెళ్తే ఎక్కడ తినాలి? హోటలు కూడా ఉండదు. పొద్దున ఏడింటి బస్సుకి బయల్దేరి, రాత్రి తొమ్మిదికి ఇంటికొస్తాం. ప్రతి ఊరూ మనకి అన్నం పెడుతుంది. ఆ లెక్కన అందరం అమ్ముడుపోయినట్టేనా?

లైన్‌జడ్జి_లక్ష్మి
టోర్నమెంటు కమిటీ పెట్టడం వేరు, ఆడే జట్టు పెట్టడం వేరు. కమిటీ రెండు జట్లకీ పెడుతుంది, మనకీ పెడుతుంది, అందరిదీ ఒకే గుండిగ. మాస్టారు చెప్పింది ఆ తేడా.

బరంపురం_భోజనప్రియుడు
ఇప్పుడు మొత్తం చదివాను. మాట వెనక్కి తీసుకుంటున్నా. మటన్ మీద ఇష్టం మాత్రం వెనక్కి తీసుకోను.

గుణుపూర్_గీత
నాకు ఇందులో అంత తప్పు కనబడట్లేదు. సీజన్ అయిపోయింది, ముందు మ్యాచ్ ఏదీ లేదు. దేనికి లంచం? అయిపోయిన పెళ్లికి బాజా లాంటిది.

విజిల్_మాస్టారు
సంక్రాంతి మళ్లీ రాదా అమ్మా?

రెండోరిఫరీ_రాయగడ
హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ ఫైనల్ గుర్తుందా, 2023 అక్టోబరు 7, మనకీ ఇరాన్‌కీ? 28-28 దగ్గర, నిమిషం పైచిల్లర మిగిలుండగా కూతకెళ్లిన మన పవన్ సెహ్రావత్ ఎవర్నీ తాకకుండా లాబీలోకి, అంటే కోర్టు పక్క పట్టీలోకి వెళ్లాడు, వెనకే ఇరాన్ డిఫెండర్లు వెళ్లారు. పాత రూలు ప్రకారం ఒకలా, కొత్త రూలు ప్రకారం ఇంకోలా. ఒకసారి ఇటు ఇచ్చారు, ఒకసారి అటు ఇచ్చారు, గంటసేపు ఆట ఆగిపోయింది. చివరికి 33-29తో మనం గెలిచాం. ఆ రాత్రి మా ఇంట్లో మా నాన్నకీ నాకూ మాటల్లేవు, ఆయనది పాత రూలు.

ఇప్పుడు ఒక్కటి ఊహించుకోండి. ఆ మ్యాచ్ రిఫరీలకి ముందు సీజన్‌లో రెండు జట్లలో ఒకరు విందు పెట్టారని బయటికొచ్చి ఉంటే? రూలు పుస్తకం ఎవడూ తెరవడు. మెనూ గురించే మాట్లాడతారు.

కూత_ఆపని_కుర్రాడు
ఆ లాబీ సంగతి ఎత్తకండి దయచేసి. పోయినేడు విందులో నలుగురు అదే పట్టుకుని కూర్చున్నారు, ఉప్పూ గరిటా పెట్టి కోర్టు గీశారు. అప్పడం డిఫెండరు. కూర చల్లారిపోయింది.

రెండోరిఫరీ_రాయగడ
ఆ నలుగురిలో నేనొకణ్ని. అప్పడం ఔట్.

పాతపట్నం_పోతురాజు
ఇటు ఆంధ్రా వైపు నుంచి వచ్చే మేం ఏడుగురం ఉన్నాం, మర్చిపోకండి. పక్క ఊరే కాబట్టి నడిచైనా వస్తాం. మటన్ ఎవరిదైనా నాకు ఓకే గానీ, 2014లో ప్రో కబడ్డీ వచ్చిన దగ్గర్నుంచి ఊళ్లో ప్రతివాడూ మన మీద నిఘానే. పిల్లలు కూడా చేత్తో గాల్లో టీవీ గీసి రివ్యూ అడుగుతారు. మా దగ్గర రివ్యూ అంటే నేను ఇంకోసారి ఆలోచించడమే. అలాంటప్పుడు జట్టువాడి మాంసం తిన్నామంటే ఇక ఆలోచించడానికి కూడా ఒప్పుకోరు.

పచ్చకార్డు_పర్లాకిమిడి
సరే, మేనేజరుకి ఫోన్ చేశాను. మర్యాదగా వద్దన్నాను. ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నా: "అయితే అవతలి జట్టు దగ్గర ఒప్పుకున్నారా?"

లైన్‌జడ్జి_లక్ష్మి
చూశారా.

గుణుపూర్_గీత
సరే, ఒప్పుకుంటున్నా. బాజా వద్దు.

స్కోరు_షీట్
ఇందాకట్నుంచి చూస్తున్నాను, ఎవరైనా గమనిస్తారేమోనని. పైన 62 అని రాశారు. అది చందా జాబితా. స్కోరర్లూ, లైన్ జడ్జిలూ ఆ జాబితాలో లేరు, మమ్మల్ని "అవసరాన్ని బట్టి" పిలుస్తారు కాబట్టి. కబడ్డీలో ఒక మ్యాచ్‌కి రిఫరీ ఒకరు, అంపైర్లు ఇద్దరు, స్కోరరు ఒకరు, సహాయ స్కోరర్లు ఇద్దరు. ఆరుగురిలో సగం మేమే. పోయినేడు విందుకి నేను వచ్చాను. మొదటి బంతిలో అతిథులు, రెండో బంతిలో రిఫరీలు. మూడో బంతికి మేం కూర్చునేసరికి సాంబారూ, ఒక స్వీటూ, "సారీ అన్నా" మిగిలాయి. ఆ సారీ మాత్రం వేడిగా ఉంది.

పచ్చకార్డు_పర్లాకిమిడి
అన్నా, నిజంగా నాకు తట్టలేదు. ఎంతమంది?

స్కోరు_షీట్
18. లైన్ జడ్జిలతో కలిపి.

లైన్‌జడ్జి_లక్ష్మి
నేనూ ఆ 18లోనే ఉన్నా. ఇంతసేపూ మీ తరఫున వాదిస్తున్నది పిలవని పేరంటం అని ఇప్పుడే తెలిసింది.

విజిల్_మాస్టారు
తప్పు మాదే. ఈసారి ఒకటే బంతి. 80 మంది ఒకేసారి కూర్చునే చోటు చూడు బాబూ.

పచ్చకార్డు_పర్లాకిమిడి
కల్యాణ మండపం అడిగితే పూటకి 8,000 అన్నాడు. అది మన మటన్‌లో ముప్పాతిక వంతు. స్కూలు ఆవరణ అనుకున్నా, వాన వస్తే?

కాశీనగర్_కెప్టెన్
మా బావగారి రైస్ మిల్లు షెడ్డు ఉంది. జూన్‌లో ఖాళీయే. రేకుల కప్పు, సిమెంటు నేల, నాలుగు ఫ్యాన్లు, బోరు నీళ్లు. అద్దె వద్దన్నారు.

రెండోరిఫరీ_రాయగడ
మీ బావగారికి జట్టేమీ లేదు కదా?

కాశీనగర్_కెప్టెన్
ఉంది. క్యారమ్స్.

పాతపట్నం_పోతురాజు
మన సంఘంలో క్యారమ్స్ రిఫరీ ఎవరూ లేరు. పాస్.

బరంపురం_భోజనప్రియుడు
ఇక రోజు సంగతి. నేను వేసిన లెక్క వినండి. సోమవారం, గురువారం మన ఒడియా సభ్యుల ఇళ్లలో నీచు ముట్టరు. మంగళవారం ఆంజనేయస్వామి భక్తులు. శనివారం వెంకన్న బాబు. బుధ, శుక్ర వారాల్లో టీచర్లకి సెలవు దొరకదు. మిగిలింది ఆదివారం. ఆదివారం ఏకాదశి పడితే మనం పుట్టి తప్పు చేసినట్టే.

గుణుపూర్_గీత
ఆదివారమే, కానీ మధ్యాహ్నం. రాత్రి పెట్టకండి. ఏటా రాత్రి ఎనిమిదికి మొదలంటారు, అతిథి తొమ్మిదికి వస్తాడు, పదకొండుకి ఆకు వేస్తారు. మేం ఆడవాళ్లం ఐదుగురం ఉన్నాం. ఆ వేళకి గుణుపూర్ ఎలా వెళ్లాలి? పోయినేడు నేను ఆకు వేయకముందే లేచి బస్సెక్కాను. ఎవరో నా వెనకాల "ఈవిడకి గర్వం" అన్నారట.

విజిల్_మాస్టారు
పోయినేడు అతిథి కోసం ఆపింది నేనే. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆకు పడాలి. అతిథి వచ్చినా రాకపోయినా.

ఒక పాత మాట. చిన్న రైలు ఉన్న రోజుల్లో, అంటే నౌపడా నుంచి గుణుపూర్ దాకా నేరో గేజి బండి నడిచినప్పుడు, మా విందు ఆ బండి టైముని బట్టి ఉండేది. బండి కూత వినబడితే చెయ్యి కడుక్కోవడమే. అది ఎప్పుడూ లేటే కాబట్టి పెరుగన్నం దాకా వెళ్లేవాళ్లం. బ్రాడ్ గేజి వచ్చాక పెరుగన్నం మానేశాం.

గిడుగు_వీధి
ఒక సలహా. ఆగస్టు 29న పెడదాం. ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు కూడా అదే, తెలుగు భాషా దినోత్సవం. ఆయన పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలో, సవరల భాష నేర్చుకుని నిఘంటువు తయారుచేసిందీ ఇక్కడి నుంచే. క్రీడా, తెలుగూ, మన ఊరూ ఒక్క రోజున కలుస్తున్నాయి. ఇంతకన్నా మంచి రోజు దొరకదు.

కూత_ఆపని_కుర్రాడు
జూన్‌లో సీజన్ అయిపోతే ఆగస్టు ఆఖర్లో విందా? పెళ్లయిన మూడు నెలలకి అప్పగింతలు పెట్టినట్టుంటుంది. పైగా శ్రావణమాసం అడ్డొస్తుంది, మటన్ ఆశ వదులుకోవాల్సిందే.

గిడుగు_వీధి
సరే, ఆ రోజుకి వేరే ఏదైనా చేద్దాం. ఆహ్వానం ముసాయిదా అయినా రాసిచ్చాను, చూడండి: "మహాశయులారా! అస్మత్ సంఘ సభ్యుల సహపంక్తి భోజన సమారంభమునకు తామెల్లరు విచ్చేసి, మా ఆతిథ్యమును స్వీకరించి, మమ్ములను కృతార్థులను గావింప ప్రార్థితులు."

పాతపట్నం_పోతురాజు
గిడుగు వారి వీధి అని పేరు పెట్టుకుని ఇదా రాయడం! వాడుక భాష కోసం ఆయన జీవితమంతా పోరాడింది మనం "గావింప ప్రార్థితులు" అనడానికా? "ఆదివారం పన్నెండున్నరకి అన్నానికి రండి" అని రాస్తే చాలు. కింద అదే ముక్క ఒడియాలో.

గిడుగు_వీధి
ఒప్పుకున్నాను. సిగ్గుపడుతున్నాను. "సహపంక్తి" ఒక్కటి ఉంచండి, బాగుంటుంది.

స్కోరు_షీట్
ఉంచండి. ఈసారి ఆ మాట నిజం కాబోతోంది.

బరంపురం_భోజనప్రియుడు
మెనూ నాకు వదిలేయండి. కేటరింగ్ వద్దు, వంటాయన్ని పిలిచి సరుకులు మనమే కొందాం, తలకి 260లో అయిపోతుంది. 80 మందిలో మాంసం తిననివాళ్లు పాతిక మంది ఉంటారు కాబట్టి మటన్ 11 కిలోలు చాలు. బియ్యం 14 కిలోలు. మాంసం తిననివాళ్లకి దాల్మా, అది ఉల్లీ వెల్లుల్లీ లేకుండా. కందిపప్పులో పచ్చి అరటికాయ, గుమ్మడికాయ, బొప్పాయికాయ వేసి ఉడికించి, దించేముందు వేయించిన జీలకర్రా ఎండుమిరపకాయా దంచిన పొడి చల్లాలి. ఆ పొడి ముందే వేస్తే అది దాల్మా కాదు, ముద్దపప్పు. పనసకాయ కూర. టమాటా ఖట్టా, అదే తీపి పులుపు పచ్చడి. బరంపురం నుంచి అప్పడాలు నేను తెస్తాను, ఆ ఖర్చు నాది. మామిడిపండు తలకొకటి. పులిహోర ఎవరైనా అడిగితే వాళ్లే చేసుకురావాలి.

రెండోరిఫరీ_రాయగడ
అప్పడాలు రెండు రకాలు తీసుకురండి. డిఫెండర్లు ఏడుగురు కావాలి.

కాశీనగర్_కెప్టెన్
మరి సాయంత్రం సంగతి? అర్థమైంది కదా ఏ సాయంత్రమో.

గుణుపూర్_గీత
అందుకే మధ్యాహ్నం అన్నాను.

పచ్చకార్డు_పర్లాకిమిడి
షెడ్డులో వద్దు. సంఘం డబ్బుతో అసలే వద్దు. ఆ తర్వాత ఎవరి ఖర్చు వారిది, ఎవరి తలనొప్పి వారిది.

లైన్‌జడ్జి_లక్ష్మి
సన్మానాలు ఉంటాయా? మా ఇంట్లో నాన్నకి వచ్చిన శాలువాలు పద్నాలుగు ఉన్నాయి. చలికాలం కప్పుకోవడానికి మాత్రం దుప్పటి కొనుక్కున్నాం.

విజిల్_మాస్టారు
శాలువాలు మానేద్దాం. ఈ ఏడు రిఫరీ పరీక్ష పాసైన ముగ్గురు పిల్లలున్నారు. వాళ్లకి మంచి విజిళ్లు ఇద్దాం, బఠాణీ లేనివి. కెనడాలో రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ అని బాస్కెట్‌బాల్ రిఫరీ ఒకాయన, కీలకమైన ఫౌలు దగ్గర విజిల్లో బఠాణీ ఇరుక్కుని మోగకపోతే, అసలు బఠాణీయే లేని విజిల్ తయారుచేయించాడు. 1987లో బజారుకొచ్చింది, ఫాక్స్ 40. పేరులో 40 ఎందుకంటే అది తయారుచేయించేనాటికి ఆయనకి నలభై ఏళ్లు. నాది ఇప్పటికీ బఠాణీదే. వానలో తడిస్తే పిల్లిపిల్లలా అరుస్తుంది.

కూత_ఆపని_కుర్రాడు
ప్రసంగాలకి నా రూలు. ఒక్కొక్కరికి ఒక రెయిడ్, 30 సెకన్లు. కూత ఆగితే ఔట్. అతిథికి కూడా.

గిడుగు_వీధి
అతిథికి కనీసం బోనస్ పాయింటు ఇవ్వండి.

కూత_ఆపని_కుర్రాడు
వెనక కాలు గాల్లో ఉంటే ఇస్తాం.

పచ్చకార్డు_పర్లాకిమిడి
లెక్క తేల్చుకుందాం. 80 మంది, తలకి 260, మొత్తం 20,800. డబ్బాలో 11,400. ఇంకా 9,400 కావాలి. చందా సభ్యులు 62 మందీ తలో 150 వేస్తే 9,300. వంద తక్కువ, అది నేను వేస్తాను. స్కోరర్లూ లైన్ జడ్జిలూ మా అతిథులు.

స్కోరు_షీట్
వద్దు. మేమూ 150 వేస్తాం. ఇప్పటిదాకా మాట్లాడింది ఏమిటి, ఊరికే తినకూడదనే కదా. 18 మంది 2,700. నీ వంద నీ జేబులోనే ఉంచుకో, మిగిలిన 2,600తో ఆ ముగ్గురు పిల్లలకి విజిళ్లు కొను. మాస్టారికీ ఒకటి.

విజిల్_మాస్టారు
నాకెందుకు నాయనా.

లైన్‌జడ్జి_లక్ష్మి
పిల్లిపిల్ల గొంతు వినలేకపోతున్నాం మాస్టారూ.

పాతపట్నం_పోతురాజు
మా ఏడుగురి డబ్బులు నేను వసూలు చేసి తెస్తా. 1,050. ఒకాయన ఇవ్వడు, ఆయనవి నేనే వేస్తా, పేరు రాయను, చదువుతున్నాడు.

పచ్చకార్డు_పర్లాకిమిడి
అయితే ఖాయం. రజ పండగ తర్వాత వచ్చే మొదటి ఆదివారం, కాశీనగర్ మిల్లు షెడ్డు, పన్నెండున్నరకి ఆకు. ఏకాదశి సంగతి పంచాంగం చూసి రేపు చెప్తాను. విస్తళ్లు 80 చెప్పేస్తున్నా.

స్కోరు_షీట్
83 చెప్పు. వంటాయనా, సాయానికొచ్చే ఇద్దరూ తినరా? నేను ముందే రాసుకున్నాను.

పచ్చకార్డు_పర్లాకిమిడి
83. షీటు మీద సంతకం పెట్టేశాను.